చక్రాల ఇంటి కుళాయి

పక్క రాష్ట్రంవాళ్లు కొన్నారని సాగరశైల పర్యాటక సంస్థవారు కూడా ఒక కారవాన్ కొన్నారు. కారవాన్ అంటే మరేం లేదు, ఇల్లులాంటి బండి. లేదా బండిలాంటి ఇల్లు. ఈ రెండింటిలో ఏది అన్న సంగతి కొన్నరోజున ఎవరూ పట్టించుకోలేదు. పట్టించుకుని ఉంటే సన్యాసిరావు హాయిగా బతికిపోయేవాడు.

బండి మాత్రం ముచ్చటైన బండి. లోపల రెండు పడకలు, ఒక గ్యాసు పొయ్యి, ఒక బుల్లి ఫ్రిజ్జు, ఒళ్లు దగ్గర పెట్టుకుని స్నానం చేసేవాళ్లకి సరిపోయే స్నానాలగది. పొయ్యి పక్కన గిన్నెలు కడుక్కునే తొట్టి, దాని మీద తళతళలాడే కుళాయి. తొట్టి కింద నీళ్ల డబ్బా, ఆ డబ్బాలో పిడికిలంత పంపు. కుళాయి తిప్పగానే పంపు మేలుకుని నీళ్లు పైకి నెట్టాలి. అంతే, అంతకు మించిన రహస్యమేమీ ఆ ఏర్పాటులో లేదు.

ఈ బండికి డ్రైవరుగా గొర్లె సన్యాసిరావుని వేశారు. సన్యాసిరావు పేరుకే సన్యాసి గాని నిక్షేపంలాంటి సంసారి. విశాఖపట్నం నుంచి అరకు వెళ్లే సంస్థవారి బస్సు ఏళ్ల తరబడి నడిపాడు. ఘాట్ రోడ్డులో ఏ మలుపు దగ్గర ప్రయాణికులు 'అబ్బ' అంటారో, ఏ మలుపు దగ్గర 'అమ్మో' అంటారో అతనికి నోటికి వచ్చు. లోకాన్నంతా అరకు తీసుకెళ్లాడు. ఒక్క భార్యని తప్ప.

అందులో అతని తప్పు లేదు. సిబ్బంది కుటుంబీకులు పర్యాటకుల బస్సు ఎక్కితే పర్యాటకుల ఆహ్లాదానికి భంగం కలుగుతుందని సంస్థలో ఒక నియమం ఉంది. పోనీ టిక్కెట్టు కొని రైల్లో వెళదామా అంటే సన్యాసిరావుకి పౌరుషం అడ్డొచ్చేది. "సొంత బండున్నోడు టిక్కెట్టు కొనుక్కుని ఎల్తాడేటే? నవ్విపోతారు. ఓ రోజు సంస్థోళ్లే మనల్ని తీసుకెల్తారు, సూడు" అనేవాడు. ఆ ఓ రోజు కోసం భార్య నూకరత్నం ఎదురుచూస్తూ ఉండగానే వాళ్లుండే గోపాలపట్నంలో చుట్టుపక్కల ఆడవాళ్లంతా అరకు వెళ్లి, కాఫీ గింజలు తెచ్చుకుని, ఫొటోలు చూపించి, "మీ ఆయనే తీసుకెల్లాడు నూకరత్నం, ఎంత బాగా నడిపాడో!" అని చెప్పి మరీ వెళ్లేవారు. పుండు మీద కారం అంటే అదే.

కారవాన్ వచ్చాక కథ తిరిగింది. తొలి యాత్ర అరకుకే. బండిలో వంటిల్లు ఉంది గనక వంట చేసే మనిషి కావాలి. మనిషి కావాలంటే కొత్త పోస్టు కావాలి, కొత్త పోస్టు పుట్టేసరికి మనుషులు ముసలివాళ్లైపోతారు. అందుచేత ఎండీగారు బుర్ర ఉపయోగించి, 'సదరు వాహన చోదకుని సతీమణిని తొలి యాత్ర నిమిత్తము తాత్కాలిక పాక నిపుణురాలిగా నియమించడమైనది' అని ఉత్తర్వు ఇచ్చారు.

నూకరత్నం ఆ కాగితానికి ప్లాస్టిక్ తొడుగు వేయించి దేవుడి పటాల పక్కన తగిలించింది. డబ్బాడు జంతికలు చేసింది. చలికి స్వెట్టరు కొంది. వీధిలో ఎవరు కనిపించినా, "మాం అరకు ఎల్తన్నాం, గవర్మెంటు ఆర్డరు మీద" అని చెప్పింది. సన్యాసిరావుకి ఆ మాట విన్నప్పుడల్లా గుండె ఉబ్బేది. పెళ్లైనప్పటి నుంచి ఆమె నోట అంత సంతోషం అతను వినలేదు.

యాత్రకి ముందురోజు ఎండీగారు బండి చూడ్డానికి వచ్చారు. పడక మీద కూర్చుని లేచారు, ఫ్రిజ్జు తెరిచి మూశారు. చివరికి కుళాయి తిప్పారు.

లోపల ఎక్కడో 'గుర్ర్' మంది. నీళ్లు రాలేదు. ఇంకొంచెం తిప్పారు. ఇంకొంచెం గట్టిగా గుర్రుమంది. 'శుభారంభం' అని బ్యానరు కట్టిన చోట నీళ్లు రాకపోవడం ఎండీగారికి నచ్చలేదు. ఆఫీసుకి వెళ్లిపోయి ఫైలు మీద ఆకుపచ్చ సిరాతో 'కుళాయి సంగతి చూడుడు' అని రాశారు. ఎవరు చూడాలో మాత్రం రాయలేదు. సంస్థలో పైవాళ్లు క్రియ రాసి ఊరుకుంటారు. కర్తని వెతుక్కోవడం కిందివాళ్ల పని.

సన్యాసిరావు మొదట రవాణా విభాగానికి వెళ్లాడు. అక్కడి మేనేజరు కలిదిండి సోమరాజుగారు గ్యారేజిలో పడక్కుర్చీ వేసుకుని పేపరు చదువుతున్నారు.

"సన్యాసీ, లారీకి కుళాయి ఉంటుందా?" అన్నారు విషయం విని.

"ఉండదు బాబూ."

"బస్సుకి?"

"ఉండదు."

"జీపుకి, కారుకి, ఆటోకి?"

"దేనికీ ఉండదు బాబూ."

"మరి కుళాయి ఉన్నదాన్ని బండి అని ఎలా అంటావయ్యా?"

"సక్రాలున్నాయి గదా బాబూ!"

"ఆఁ. చక్రాలు మావి. అవి తిరక్కపోతే వచ్చి నా చొక్కా పట్టుకో, కాదనను" అన్నారు సోమరాజుగారు పేపరు మడిచి. "రవాణా విభాగం దృష్టిలో నీళ్లు రెండు రకాలు. ఒకటి రేడియేటరు నీళ్లు. రెండోది వైపరు నీళ్లు. కుళాయి నీళ్లు అనే పదార్థం మా మాన్యువల్లో లేదు."

అయినా మంచి మనిషి గనక ఒట్టి చేతులతో పంపించలేదు. మెకానిక్కుని పిలిచి వైపరు డబ్బా నిండా నీళ్లు పోయించారు. మీట నొక్కితే ముందు అద్దం మీద నీళ్లు జివ్వున ఎగిరాయి. "చూశావా ఎంత ధారో! మరీ దాహం వేస్తే పర్యాటకుల్ని కిందికి దిగి దోసిలి పట్టమను" అని సలహా ఇచ్చి మళ్లీ పేపరు విప్పారు.

సన్యాసిరావు ఇంజనీరింగు విభాగానికి వెళ్లాడు. భవనాలూ, గోడలూ, కుళాయిలూ వాళ్లవి. ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు చిత్రాడ త్రివిక్రమరావుగారు వెంటనే లేచి వచ్చారు. ఆయన్ని తక్కువ చేసి చెప్పకూడదు, పని తెలిసిన మనిషి. కుళాయి తిప్పి, వంగి, డబ్బాకి చెవి ఆనించి విన్నారు.

"ఓస్, ఇంతేనా! పంపుకి గాలి పట్టింది. పైకెత్తి నీళ్లలో రెండుసార్లు అటూ ఇటూ ఆడించి వదిలితే గాలి పోయి నీళ్లొస్తాయి. మా ఇంట్లో చేపల తొట్టి పంపుకీ ఇదే జబ్బు. మా ఆవిడ వంట చేస్తూ చేస్తూ ఆడించేస్తుంది."

సన్యాసిరావు ప్రాణం లేచొచ్చింది. "అయితే ఆడించీండి బాబూ!"

"ఎలా ఆడిస్తానయ్యా? ఇది భవనమేనా?" అన్నారు త్రివిక్రమరావుగారు నొచ్చుకుని. "భవనానికి నాలుగు హద్దులుండాలి. తూర్పున ఫలానా, పడమర ఫలానా. దీనికి తూర్పు హద్దు ఏది? ఇవాళ గ్యారేజి గోడ. రేపు కాఫీ తోట. ఎల్లుండి ఏ చెరుకు రసం బండో. పని చేశాక ఆడిట్‌వాళ్లు వచ్చి భవనం చూపించమంటే, 'అయ్యా, భవనం అరకు వెళ్లింది, సాయంత్రానికి వచ్చేస్తుంది, కూర్చోండి' అని చెప్పనా?"

"పోనీ నాను ఆడించెయ్యనా బాబూ?"

ఆ మాటకి ఇంజనీరుగారు అడుగు వెనక్కి వేశారు. "నువ్వా? నీ చెయ్యి స్టీరింగు మీద ఉండాలి. పంపు మీద పడిందంటే అది శాఖాంతర జోక్యం. నా మంచి కోరి చెయ్యకు, నీ మంచి కోరి చెయ్యకు."

యాత్ర వాయిదా పడింది.

"ఏటి, కుళాయిలో నీల్లు రాలేదని ఆపేసినారా?" అంది నూకరత్నం నమ్మలేక. "రెండు బిందిల్తో నీల్లు అట్టుకుపోతే సరిపోదేటయ్యా? మన అమ్మలక్కలు పుట్టినకాణ్ణించీ అలాగే గదా ఒండుతన్నారు?"

సన్యాసిరావు ఆ మాట ఎండీగారితో అనే వచ్చాడు. "బిందెలతో నీళ్లు పట్టుకెళ్తే అది కారవాన్ ఎందుకవుతుందయ్యా, తీర్థానికి వెళ్లే ఎడ్లబండి అవుతుంది" అన్నారట ఎండీగారు. జంతికలు మెత్తబడిపోతాయని నూకరత్నం డబ్బా ఆఫీసుకి పంపించేసింది. రవాణావాళ్లూ ఇంజనీరింగువాళ్లూ ఒకే బల్ల చుట్టూ చేరి, కుళాయి మాది కాదంటే మాది కాదని పోట్లాడుకుంటూ, ఆ జంతికలు మాత్రం మాది కాదనకుండా తినేశారు.

ఫైలు తిరగడం మొదలెట్టింది. 'కుళాయి గృహోపకరణము గావున' అని ఇటునుంచి అటు, 'సదరు గృహము చలించు స్వభావము గలది గావున' అని అటునుంచి ఇటు. ఒకే మెట్ల మీద, ఒకే అటెండరు చంకలో పైకీ కిందికీ తిరిగింది. కారవాన్ కంటే ఆ ఫైలే ఎక్కువ ప్రయాణం చేసింది.

ఇలా ఉండగా ఒక మధ్యాహ్నం నూకరత్నం మొగుడికి క్యారేజీ తెచ్చింది. బండి లోపలికి తొంగి చూసింది. పడకలు చూసింది, కర్టెన్లు చూసింది, కిటికీ పక్కన తాను కూర్చోవలసిన చోటు చూసింది. చూసేసరికి ఒళ్లు మండింది.

"ఆ ఇంజనీరుబాబు ఏటన్నాడు? ఎత్తి ఆడించమన్నాడు గదా?"

"ఆడించమన్లేదే. ఆడిస్తే వస్తాదన్నాడు. రెండూ ఒకటి కాదు."

"నీ మొహం!" అని ఆమె తొట్టి కింద తలుపు తీసి, చీర చెంగు దోపుకుని, డబ్బాలో చెయ్యి పెట్టి పంపుని నాలుగు ఆడింపులు ఆడించింది. బుడబుడమని గాలి తేలింది. కుళాయి తిప్పింది. నీళ్లు ధారగా పడ్డాయి.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వారు. నూకరత్నం ఆ నీళ్లు మొహం మీద చల్లుకుంది, మొగుడి మీద చల్లింది. సన్యాసిరావుకి అప్పుడే ఘాట్ ఎక్కేసినంత ఆనందమైంది. క్యారేజీ విప్పకుండానే ఆఫీసులోకి పరిగెత్తాడు. "బాబూ! నీల్లొచ్చీసినాయి!"

త్రివిక్రమరావుగారి మొహం పాలిపోయింది. "వచ్చాయా? ఎవరి ఉత్తర్వు మీద వచ్చాయి?"

"వాటంతటవే వచ్చినాయి బాబూ" అన్నాడు సన్యాసిరావు భార్య పేరు ఎత్తకుండా.

"ఇంకేం, కొంప మునిగింది! రేపు ఉమ్మడి తనిఖీ పెట్టుకున్నాం. లోపం ఏదని అడిగితే ఏం చూపిస్తావు? లోపం లేకుండా మరమ్మతు చేస్తే అది నిధుల దుర్వినియోగం. మరమ్మతు లేకుండా నీళ్లొస్తే అది అక్రమ నీరు. ఏమంటారు సోమరాజుగారూ?"

"నిజమే. ఫైలు నడుస్తూండగా బాగవడానికి కుళాయికి ఎంత ధైర్యం!" అన్నారు సోమరాజుగారు. ఈ వ్యవహారంలో వాళ్లిద్దరూ ఏకాభిప్రాయానికి రావడం అదే మొదలు.

సాయంత్రం లోపల సన్యాసిరావుకి మెమో అందింది. 'మీ అధీనములోని కుళాయి నుండి నీరు ఏ కారణము చేత వచ్చినదో సంజాయిషీ ఇచ్చుకొనవలెను. తనిఖీలోగా సదరు లోపమును యథాస్థితికి తేవలెను. లేనిచో మిమ్మల్ని గ్యారేజి కడుగు విధులకు బదిలీ చేయుట జరుగును.'

బదిలీ అయితే తొలి యాత్ర లేదు, పాక నిపుణురాలు లేదు. కాబట్టి సన్యాసిరావు వెళ్లి లోపం తిరిగి తెప్పించే పనిలో పడ్డాడు. పంపుని బయటికి తీసి గాల్లో ఊపాడు, ఎండలో పెట్టాడు, గట్టిగా ఊదాడు. మళ్లీ డబ్బాలో వేస్తే నిక్షేపంగా నీళ్లు పోసింది. పాడైనప్పుడు ఎంత మొండిగా ఉందో బాగయ్యాక కూడా అంతే మొండిగా ఉంది.

"ఓలే, నువ్వోసారి సూడే" అని భార్యని బతిమాలాడు.

"బాగున్నదాన్ని పాడు సెయ్యడానికి నాను రాను. మీ ఆపీసోళ్లని పిలువు, ఆల్లకది బాగా ఒచ్చు" అని ఆమె ఖాళీ క్యారేజీ ఊపుకుంటూ వెళ్లిపోయింది.

చివరికి సన్యాసిరావు చిరాకెత్తి పంపుకున్న వైరు పీకేశాడు. కుళాయి నియమ నిబంధనలకు అనుగుణంగా చెడిపోయింది.

మర్నాడు కమిటీ వచ్చింది. నూకరత్నం ఆశ చావక మళ్లీ చేసిన జంతికలు మధ్యలో పెట్టుకుని అందరూ బండి చుట్టూ కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. ఒక్కొక్కరే లోపలికి వెళ్లి, కుళాయి తిప్పి, నీళ్లు రాలేదని తృప్తిగా తలూపి దిగారు. ఎండీగారు నోట్లో జంతిక నములుతూ చాలాసేపు ఆలోచించి సమస్యని ఒక కొలిక్కి తెచ్చారు.

"కుళాయి ఉన్నంతమేరకు ఇది భవనం. చక్రాలున్నంతమేరకు ఇది వాహనం. ఒకే సమయంలో రెండూ కావడం వల్లే కదా ఈ గొడవ? కాబట్టి కుళాయి బాగయ్యేవరకు దీన్ని తాత్కాలికంగా భవనం అనుకుందాం. బాగయ్యాక మళ్లీ వాహనం అనుకుందాం."

అందరూ చప్పట్లు కొట్టారు. సన్యాసిరావు కూడా కొట్టాడు. ఇంత సులువైన దారి ఉంటే ఇన్నాళ్లూ ఎవరికీ తట్టలేదేమా అనుకుని ఇంటికి వెళ్లి, "ఇంకెంతా లేదే. భవనం అవడమే తరువాయి, ఎల్లిపోవడమే" అని చెప్పాడు.

భవనం అవడం అనుకున్నంత తేలిక్కాదు. ముందుగా సోమరాజుగారు, "భవనానికి చక్రాలుండటం క్రమబద్ధం కాదు, రేపు నా మీదకి వస్తుంది" అని చక్రాలు ఊడదీయించి స్టోర్సుకి పంపించేశారు. చక్రాలు లేని బండి కింద త్రివిక్రమరావుగారు ఇటుకలు పేర్చి పునాది కట్టించారు. పునాది లేచింది గనక మునిసిపాలిటీవాళ్లు వచ్చి ఇంజను పక్కన నల్లరంగుతో డోరు నంబరు రాశారు. నాలుగు హద్దులూ కుదిరాయి. తూర్పున గ్యారేజి, పడమర సైకిల్ స్టాండు, ఉత్తరాన క్యాంటీను, దక్షిణాన ఆఫీసు ప్రహరీ.

హద్దులు కుదరగానే వాస్తు పండితుడు వచ్చాడు. ఇది సంస్థ నియమం కాదు గాని, ఏ భవనానికైనా ఆయన రావలసిందే.

"స్నానాలగది ఈశాన్యంలో ఉందే! ఎవరు కట్టారు ఈ ఇంటిని?" అన్నాడాయన గుండె మీద చెయ్యి వేసుకుని.

"కట్టలేదండి, కొన్నారండి. అయినా ఇది బండి గదండి. రోడ్డెక్కితే మలుపు మలుపుకీ ఈశాన్యం మారిపోతాదండి" అన్నాడు సన్యాసిరావు.

"అదే నాయనా ప్రమాదం! ఘాట్ రోడ్డులో వెళ్తుంటే ఒక్క పూటలో ఎన్ని దోషాలు తగులుతాయో ఊహించావా? ఇన్నాళ్లూ కదలకపోవడం మీ పెద్దల పుణ్యం."

క్రేను తెప్పించి భవనాన్ని పక్కకి తిప్పారు. హద్దులు మారిపోయాయి గనక కాగితాలు మళ్లీ రాశారు. ఈలోగా త్రివిక్రమరావుగారికి హుషారు పుట్టింది. వాకిట్లో మెట్లు వేయించారు. కిటికీలకి సిమెంటు చూరు దింపించారు. చుట్టూ గోడ, గోడకి గేటు, గేటు పక్కన 'అతిథి గృహం' అని చెక్కిన రాయి. ఎదురుగా ఆఫీసు ప్రహరీ మీద అరకు కొండలూ జలపాతమూ బొమ్మ వేయించారు. బొమ్మ వేసినవాడు ఎప్పుడూ అరకు చూడలేదు గనక జలపాతం పక్కన కొబ్బరిచెట్లు పెట్టాడు.

మంచిరోజు చూసి గృహప్రవేశం పెట్టారు. ముందు ఆవు లోపలికి వెళ్లాలి. ఆవుని తెచ్చారు గాని కారవాన్ తలుపు ఆవుల కోసం చేసింది కాదు. తల పట్టింది, మెడ పట్టింది, అక్కడ ఆగిపోయింది. వెనకనుంచి అటెండర్లు నెట్టారు. ఆవు కోపంగా తోక ఝాడించింది. పురోహితుడు వాచీ చూసుకుని, "తల ప్రవేశిస్తే సర్వాంగమూ ప్రవేశించినట్టే" అని తీర్మానించాడు. పాలు పొంగించారు. ఎండీగారి దంపతులు పీటల మీద కూర్చున్నారు.

తర్వాత అసలు ఘట్టం. త్రివిక్రమరావుగారు మంజూరు ఉత్తర్వు ఎడమచేత్తో పట్టుకుని, కెమెరాల ఎదుట కుడిచేత్తో పంపు ఎత్తి నీళ్లలో ఆడించారు. ఒకసారి ఆడించారు, ఇంకోసారి ఆడించారు. ఫొటోగ్రాఫర్ల కోసం మరోసారి కూడా ఆడించారు. ఎండీగారు కుళాయి తిప్పారు. నీళ్లు రాలేదు సరికదా, గుర్రుమని కూడా అనలేదు.

అప్పుడు సన్యాసిరావుకి గుర్తొచ్చింది. "బాబూ, వైరు! మీరు లోపం తెమ్మంటే నానే వైరు పీకినాను. అది తగిలిస్తే..."

"నోరు ముయ్యి!" అని ఇంజనీరుగారు గుసగుసగా అరిచారు. "వైరు అంటే విద్యుత్ విభాగం. వాళ్లకి చెబితే ఫైలు మళ్లీ మొదటికొస్తుంది."

పెద్దలు పక్కకి వెళ్లి మంతనాలాడారు. భవనం ఊళ్లోనే, అదీ ఆఫీసు ఆవరణలోనే ఉండగా దానికి సొంత పంపెందుకు, సొంత డబ్బా ఎందుకు అన్న ప్రశ్న పుట్టింది. జవాబు ఎవరికీ దొరకలేదు. గృహప్రవేశం సగంలో ఉండగానే క్యాంటీను మీది ట్యాంకు నుంచి ఇనుప గొట్టం లాగి, బండి గోడకి కన్నం కొట్టి, గొట్టాన్ని సిమెంటుతో బిగించి, కుళాయికి కలిపేశారు. భోజనాలయ్యేసరికి పనైపోయింది.

ఎండీగారు మళ్లీ కుళాయి తిప్పారు. ఆహా, ఏం నీళ్లండీ! తొట్టి నిండి, నేల మీద పొర్లి, కొత్త మెట్ల మీదుగా జలపాతంలా దిగాయి. చప్పట్లు మోగాయి. "సంస్థ చరిత్రలో ఇదొక మైలురాయి" అన్నారు ఎండీగారు. మైలురాయిలాగే అది ఇంక కదలదని ఆయన ఉద్దేశం కాదు గాని, జరిగింది మాత్రం అదే.

సందడి తగ్గాక సన్యాసిరావు సోమరాజుగారి దగ్గరికి వెళ్లి చేతులు నలుపుకుంటూ నుంచున్నాడు. "బాబూ, మరి సక్రాలు బిగించీమంటారా? మా ఇంటిది స్వెట్టరు కూడా మడతెట్టుకుని కూకుంది."

"భవనానికి చక్రాలేమిటయ్యా?"

"కుళాయి బాగైనాక మల్లీ బండి అనుకుందావన్నారు గదా బాబూ ఎండీబాబు?"

"అనుకోవచ్చు. కానీ భవనం కదలాలంటే కూల్చాలి. కూల్చాలంటే మునిసిపాలిటీ అనుమతి, హద్దుల రద్దు, పునాది ధ్వంసం... అబ్బో! పైగా ఆ చక్రాలు వేరే బస్సుకి వేసేశాం." సోమరాజుగారు అతని భుజం తట్టారు. "నీకేం భయం లేదులే. భవనానికి కాపలా పోస్టు లేదు గాని, డ్రైవరు పోస్టు ఉంది. డ్యూటీ టైములో సీటులో కూర్చో. స్టీరింగు వదలకు, తనిఖీలొస్తాయి."

"మరి మా ఇంటిది?"

"ఉత్తర్వు యాత్ర నిమిత్తం కదా! యాత్ర లేదు, ఉత్తర్వూ లేదు."

"పోనీ ఓసారి లోపల కూకోబెట్టి సూపించనా బాబూ?"

"అయ్యో, అతిథి గృహంలోకి సిబ్బంది కుటుంబీకులు నిషిద్ధం. అతిథుల ఆహ్లాదానికి భంగం" అన్నారు సోమరాజుగారు. నిజంగానే బాధపడుతూ అన్నారు. ఆయన మంచి మనిషని ముందే చెప్పాను.

సన్యాసిరావు ఇంటికి వెళ్లి జరిగిందంతా చెప్పాడు. నూకరత్నం అరుస్తుందనుకున్నాడు. సంస్థవాళ్ల ఏడు తరాల్నీ దులిపేస్తుందనుకున్నాడు. ఆమె మాత్రం లేచి, దేవుడి పటాల పక్కనున్న ఉత్తర్వు తీసి, దాని మీద దుమ్ము తుడిచి, బీరువాలో చీరల కింద పెట్టింది. పెట్టి, అక్కడే కూర్చుని ఏడ్చింది. భార్య తిట్టినప్పుడు ఏం చెయ్యాలో అతనికి తెలుసు, ఏడ్చినప్పుడు ఏం చెయ్యాలో తెలియదు.

"రేపట్నించి ఆ సీటులో కూకుని ఏటి సేస్తావు?" అంది కాసేపటికి ముక్కు తుడుచుకుని.

"ఎదురుగా గోడుంది. దానిమీద అరకు బొమ్మేసినారు. బాగానే..."

"నాకు గోడమీద అరకొద్దు" అంది నూకరత్నం.

ఆ మాట అతనికి రాత్రంతా నిద్ర పట్టనివ్వలేదు. తెల్లారి వెళ్లి సెలవు అడిగాడు.

"నువ్వు సెలవు పెడితే భవనం ఎవరు నడుపుతారయ్యా?" అన్నారు సోమరాజుగారు కంగారుగా.

"అది కదల్దు బాబూ."

"కదలదని నువ్వు రాసిస్తావా? నీ సంతకం చెల్లదు, నువ్వు రవాణా విభాగం. కదలదని ఇంజనీరింగువాళ్లు రాయాలి." ఆయన గడ్డం గోక్కుని, మరో బస్సు డ్రైవరుని పిలిపించి సన్యాసిరావు బదులు సీటులో కూర్చోబెట్టారు. ఆ బస్సులో అరకు వెళ్లవలసిన పర్యాటకుల్ని కారవాన్ చూపించి వెనక్కి పంపేశారు.

స్టేషన్లో సన్యాసిరావు లైనులో నుంచుని టిక్కెట్లు కొన్నాడు. ఎవరూ నవ్వలేదు. అసలెవరూ అతనివైపు చూడలేదు. ఇన్నేళ్లూ ఎవరికి భయపడ్డానా అని అతనికే ఆశ్చర్యం వేసింది.

రైలు శృంగవరపుకోట దాటి కొండ ఎక్కడం మొదలెట్టేసరికి నూకరత్నం కిటికీకి అతుక్కుపోయింది. లోయ కనిపించినప్పుడల్లా "ఓలమ్మో!" అంది. సొరంగం వచ్చినప్పుడల్లా పెట్టెలోని పిల్లలతో కలిసి తనూ కేక వేసింది. "ఇదేటి, అదేటి" అని అడుగుతుంటే సన్యాసిరావు చెబుతూనే ఉన్నాడు. దారంతా అతనికి తెలుసు, కానీ స్టీరింగు పట్టుకున్నవాడికి దారే కనిపిస్తుంది. లోయని తీరిగ్గా అతను చూడటం కూడా అదే మొదటిసారి. మూడోసారి చేసిన జంతికలు డబ్బా మూత తీసి ఇద్దరూ తిన్నారు. ఆఫీసువాళ్లు ఎందుకంత ఇష్టంగా తిన్నారో అతనికి అప్పుడు తెలిసింది.

"సెయ్యి కడుక్కొస్తానుండు" అని నూకరత్నం తలుపు దగ్గర తొట్టి వైపు వెళ్లింది. వెళ్లిన మనిషి ఎంతకీ రాదు. ఏమైందోనని సన్యాసిరావు లేచి వెళ్లాడు.

రైలు వంతెన మీద ఉంది. కింద చక్రాలు ధనధనమని తిరుగుతున్నాయి. నూకరత్నం చేతులు ధార కింద పెట్టి, కళ్లు పెద్దవి చేసుకుని అలాగే నుంచుంది.

"ఇదుగో ఇలా రా. బండి ఎల్తంది, నీల్లొస్తన్నాయి!"

సన్యాసిరావు కిందికి చూశాడు. చక్రాలు తిరుగుతున్నాయి. పైకి చూశాడు. నీళ్లు పడుతున్నాయి. గబగబా అటూ ఇటూ చూసి, భార్య చెవి దగ్గరకి వంగి గొంతు తగ్గించాడు.

"బేగి కట్టెయ్యే! మావోళ్లు సూసినారంటే సక్రాలు ఊడదీసీగల్రు."